సర్దుకుంటున్నానండి

సరఫరా చేయడానికి దేశంలో ఏమీ మిగలనందువల్ల, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, సరఫరా శాఖ పేరును సర్దుబాటు శాఖగా మార్చడమైనది. ఈ మార్పువల్ల ప్రజలకు కొత్తగా ఎలాంటి అసౌకర్యమూ కలగదని, ఇంతవరకూ కలుగుతున్న అసౌకర్యమే యథాతథంగా కొనసాగుతుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది.

బోర్డు మార్చడంలోనూ పొదుపు పాటించారు. పాత బోర్డులోని ‘స’నూ ‘ర’నూ అలాగే ఉంచి, ‘ర’కు ఒక కొమ్ము తగిలించి, కింద ద వత్తు వేలాడదీశారు. మిగిలిన ‘ఫరా’ మీద రంగు పూసి ‘బాటు’ అని రాయించారు. రంగు పల్చనిది. ఎండ బాగా కాసినప్పుడు ‘బాటు’ వెనకనుంచి ‘ఫరా’ తొంగి చూస్తూ ఉంటుంది. చూసినవాళ్లు చూడనట్టు సర్దుకుపోతున్నారు.

బోర్డు ఆవిష్కరణ సభలో మంత్రిగారు ఉపన్యసించారు. ‘‘గిడ్డంగులు ఖాళీ అయిపోయాయని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. నేను బాధ్యతతో మనవి చేస్తున్నాను. ఈరోజు మన గిడ్డంగులన్నీ నిండుకున్నాయి.’’ సభ చప్పట్లతో మారుమోగింది. మంత్రిగారు అబద్ధమాడారని ఎవరూ అనలేరు. సరుకు అయిపోతే నిండుకుందనీ, దీపం ఆరిపోతే కొండెక్కిందనీ, గడప దాటి పోతూ కూడా వస్తాననీ చెప్పే మర్యాద మన భాషకు ఉంది. ‘‘సర్దుకుపోవడం మన రక్తంలోనే ఉంది. అందుకే ఆసుపత్రుల్లో రక్తం లేకపోయినా సర్దుకుపోతున్నాం,’’ అని ఆయన ముగించారు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకు రక్తం దొరక్క వాయిదా పడిన ఆపరేషను ఒకటుంది.

ఆ ఉపన్యాసం రాసింది శాఖలోని పెద్దగుమాస్తా. మాటల్లో అతనికి అతనే సాటి. చక్కెర రాలేదని పోట్లాడడానికి వచ్చినవాడు అతనితో కాసేపు మాట్లాడితే, చక్కెర అడిగినందుకు సిగ్గుపడి, ఆరోగ్యం గురించి నాలుగు మంచి మాటలు నేర్చుకుని వెళ్లేవాడు. ఎవరేం అడిగినా అతని చివరి మాట ఒకటే: ‘‘కొంచెం సర్దుకోండి.’’

ఆ మాట చెప్పే అర్హత అతనికి లేకపోలేదు. శాఖలో కుర్చీల కొరత వల్ల అతనూ మరో గుమాస్తా ఒకే కుర్చీలో చెరో సగం కూర్చునేవారు. ఆ రెండో గుమాస్తాను అందరూ ‘సగంకుర్చీ’ అని పిలిచేవారు. పెద్దగుమాస్తా కుర్చీలో కూడా సగమే ఉందని, హోదాకు గౌరవమిచ్చి ఎవరూ ఎత్తిచూపలేదు. ఇద్దరూ ఒకేసారి లేచి ఒకేసారి కూర్చోవాలి. ఒకరు చెప్పకుండా లేస్తే రెండోవారు కింద పడేవారు. దీన్ని శాఖలో సమన్వయం అనేవారు.

పెద్దగుమాస్తా రాసిన సర్దుబాటు సూచనలు దేశమంతటా అమలయ్యాయి. బస్సుల్లో సీట్లు తీసేస్తే ఎక్కువమంది పడతారని రాశాడు, తీసేశారు. ఆసుపత్రిలో ఒక్కో మంచం మీద ఇద్దర్ని తలా తోకాగా పడుకోబెట్టవచ్చని రాశాడు, పడుకోబెట్టారు. ఒకరికి సూది వేస్తే రెండోవారికి ధైర్యం వస్తోందని వైద్యులు కూడా ఒప్పుకున్నారు. బడిలో పొద్దున కూర్చున్న తరగతి సాయంత్రం నిలబడుతుంది. ప్రభుత్వ భవనాలకు ఉన్న తలుపులు పగలంతా గోడకు ఆనుకుని ఊరికే ఉంటున్నాయని, వాటిని పీకి ఇటుకల మీద పరిస్తే ఆసుపత్రులకు మంచాలవుతాయని రాసిన సూచనకు మాత్రం మంత్రిగారు స్వయంగా భుజం తట్టారు.

ఆ ఆలోచన అతనికి ఇంట్లోనే పుట్టింది. మేనమామ ఒకాయన పన్ను పీకించుకోవడానికి నాలుగు రోజుల కోసం వచ్చి, పన్ను పోయినా తాను పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయాడు. ఆయనకు మంచం లేకపోతే స్నానాల గది తలుపు పీకి, ఇటుకల మీద వేశారు. దానికి గడియ ఇప్పటికీ ఉంది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు డొక్కలో గుచ్చుకుంటుందని ఆయన ఫిర్యాదు.

ఆ ఇల్లు రెండు గదులూ, ఒక వంటిల్లూ. లోపలి గదిలో తమ్ముడూ, మరదలూ ఉంటారు. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, తమ్ముడు ఉద్యోగం దొరక్కముందే పెళ్లి చేసుకున్నాడు. కొత్తగా పెళ్లయినవాళ్లకు గది ఇవ్వడం ధర్మం. ముందు గదిలో తల్లి మంచం, మేనమామ తలుపు. పెద్దగుమాస్తా తల్లి మంచం కింద పడుకుంటాడు. అతని భార్య వంటింట్లో పొయ్యిగట్టు పక్కన, ఒక వైపుకు మాత్రమే తిరిగి పడుకుంటుంది. రెండో వైపుకు తిరగాలంటే లేచి తల అటూ కాళ్లు ఇటూ పెట్టుకోవాలి. పిల్లల సంగతి ఇల్లు మారాక చూద్దామనుకున్నారు. చూద్దామనుకుని పదేళ్లయింది.

స్నానాల గదికి గోనెపట్టా వేలాడదీశారు. లోపల మనిషి ఉన్నట్టు బయటివారికి తెలియడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. తల్లి దగ్గుతుంది. మేనమామ ఖాండ్రిస్తాడు. తమ్ముడు ఈల వేస్తాడు. పెద్దగుమాస్తా తన సూచనలు తానే పైకి చదువుకుంటాడు. అతని భార్యకు ఉత్తినే దగ్గడం రాదు, పాట అంతకన్నా రాదు. అందుకని ఆమె లోపల ఉన్నంతసేపూ చెంబును గరిటెతో టకటకమని కొడుతూ ఉండాలి. కాసేపు ఆగిందా, గోనెపట్టా కదిలేది. అలా ఆమె పదేళ్లుగా ఒంటిచేత్తో స్నానం చేస్తోంది. నోట్లో నాలుక లేని మనిషి అని బంధువులందరూ ఆమెను మెచ్చుకుంటారు.

ఆమె పగలు ఒక దర్జీ దుకాణంలో చొక్కాలకు గుండీలు కుడుతుంది. గుండీలు కూడా నిండుకోవడం వల్ల ఈమధ్య కాజాలు మాత్రమే కుడుతోంది.

ఇలా ఉండగా సర్దుబాటు శాఖ ‘ఆదర్శ సర్దుబాటు కుటుంబం’ పోటీ ప్రకటించింది. గెలిచిన కుటుంబానికి మూడు గదుల ప్రభుత్వ ఇల్లు. ఒక కమిటీ ఇంటికి వచ్చి ఒక్కొక్కర్నీ పలకరిస్తుంది. ఇంట్లో ఏ ఒక్కరి నోట ఫిర్యాదు వినిపించినా ఆ కుటుంబం పోటీలో లేనట్టే. నిబంధనలు రాసింది పెద్దగుమాస్తాయే కాబట్టి తన ఇంటికి అన్ని అర్హతలూ ఉండేలా రాశాడు. రాసే చెయ్యి తనదైనప్పుడు ఆమాత్రం చేసుకోకపోతే ఎలా?

ఆ వారమే ఒక సాయంత్రం అతని భార్య గిన్నెలు తోముతూ, ‘‘ఏమండీ, ఒక మాట,’’ అంది.

‘‘చెప్పు.’’

‘‘నాకొక తలుపు కావాలి.’’

పెద్దగుమాస్తాకు వెంటనే అర్థం కాలేదు. భార్యలు చీరలు అడుగుతారని, నగలు అడుగుతారని తోటి ఉద్యోగులు చెప్పగా విన్నాడు. వాటన్నిటికీ అతని దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. తలుపుకు లేదు.

‘‘తలుపేమిటి?’’

‘‘లోపల గడియ ఉండే తలుపు. స్నానాల గదికైనా సరే, వంటింటికైనా సరే. రోజుకు కాసేపు వేసుకుని కూర్చుంటాను.’’

‘‘కూర్చుని ఏం చేస్తావు?’’

‘‘ఏమీ చెయ్యను. అందుకే అడుగుతున్నాను.’’

‘‘మామయ్యని ఇప్పుడు లెమ్మంటే ఏం బావుంటుంది చెప్పు? కమిటీ వచ్చే ముందు ఇంట్లో మాటా మాటా రాకూడదు. ఆ ఇల్లొచ్చిందంటే మూడు గదులు, మూడు తలుపులు, మూడు గడియలు. నీ ఇష్టం వచ్చిన తలుపు వేసుకో. అందాకా కొంచెం సర్దుకో.’’

‘‘పదేళ్ల నుంచీ చేస్తున్నది అదేగా.’’

‘‘ఇంకొంచెం సర్దుకో.’’

ఆమె తోముతున్న గిన్నెను కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుంది. ‘‘సరే,’’ అంది. ‘‘సర్దుకుంటాను.’’

పెద్దగుమాస్తాకు గుండెల మీద బరువు దిగినట్టయింది. మర్నాడు కుర్చీలో సగానికి చేరి, ‘‘మా ఆవిడ ఒక్క మాటకు ఒప్పుకుందయ్యా. నేను రాసిన వాటన్నిటికన్నా గొప్ప సూచన మా వంటింట్లో ఉంది,’’ అన్నాడు. సగంకుర్చీ అది కాగితం మీద రాసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఆమె మంచం కింద పెట్టె బయటికి లాగి చీరలు మడత పెడుతుంటే అతను చూశాడు.

‘‘ఏం చేస్తున్నావు?’’

‘‘సర్దుకుంటున్నానండి.’’

అతని ఆనందానికి అంతులేదు. మొన్న సర్దుకుంటాను అంది, ఈరోజు సర్దుకుంటున్నాను అంటోంది. ఆ శాఖ పరిధిలో భవిష్యత్తులోంచి వర్తమానంలోకి వచ్చిన పని అదొక్కటే. తర్వాతి రోజుల్లో ఆమె దువ్వెన గూట్లోంచి, ఆమె కళ్లజోడు కిటికీలోంచి, ఆమె కంచం అలమరలోంచి ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఇల్లు కాస్త విశాలమైనట్టు అందరికీ అనిపించింది. ‘‘అక్కయ్య ఎంత పొందిగ్గా సర్దుకుంటోందో చూడండి బావగారూ,’’ అని మరదలు కూడా మెచ్చుకుంది. ‘‘ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అంటారు గాని, నీ విషయంలో ఆ సామెత సగమే నిజంరా,’’ అన్నాడు మేనమామ గడియ మీదనుంచి పక్కకు ఒత్తిగిలుతూ.

కమిటీ రానే వచ్చింది. ముగ్గురు సభ్యులు. ముగ్గురికీ కలిపి ఒక కళ్లజోడు. ఒకరు చూసిన తర్వాత రెండోవారికి ఇచ్చేవారు. తల్లిని అడిగారు, ఏ లోటూ లేదంది. మేనమామను అడిగారు, గడియ సంగతి నాలుక చివరిదాకా వచ్చినా మింగేశాడు. తమ్ముడు ఈల వేసి చూపించాడు. చివరికి అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకుని, ‘‘మరి ఇల్లాలు?’’ అన్నారు.

పెద్దగుమాస్తా వంటింట్లోకి చూశాడు. గోనెపట్టా వైపు చూశాడు. చెంబు చప్పుడు లేదు.

‘‘పొద్దున్నే పెట్టె పట్టుకుని వెళ్లింది కదరా,’’ అంది తల్లి. ‘‘అంతా సర్దుకున్నాను అత్తయ్యా, వస్తాను అంది. మంచిది తల్లీ, క్షేమంగా రా అన్నాను.’’

అతను వంగి మంచం కింద చూశాడు. తాను రోజూ పడుకునే చోటే. తలవైపు పెట్టె ఉండేది. ఇప్పుడక్కడ మేనమామ చెప్పులూ, తమ్ముడి సైకిలు పంపూ ఉన్నాయి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు.

‘‘అయితే ఈ పూట వంట?’’ అని అడిగారు ఒక సభ్యురాలు.

‘‘నేనే సర్దుకుంటున్నానండి,’’ అంది మరదలు.

అధ్యక్షులవారు కళ్లజోడు తీసి పక్క సభ్యురాలికి ఇచ్చారు. ఆయన లేచి, ఇంట్లో ఉన్న ఐదుగురినీ ఉద్దేశించి ఉపన్యసించారు. ‘‘నూనె లేకుండా సర్దుకుంటున్న కుటుంబాలను చూశాను. నీళ్లు లేకుండా సర్దుకుంటున్న వీధుల్ని చూశాను. ఇల్లాలు లేకుండా, ఆమె లేదన్న సంగతి కూడా తెలియనంత నిశ్శబ్దంగా సర్దుకున్న కుటుంబాన్ని నా జీవితంలో ఇదే చూడడం. ఇది జాతికి దారి చూపే దీపం.’’ దీపం అనగానే కరెంటు పోయింది. బహుమతి మాత్రం చీకట్లోనే ఖాయమైంది.

ఇల్లు కూడా వచ్చింది. మొదటి బహుమతికి ముగ్గురు అర్హులు తేలినందువల్ల మూడు గదుల్నీ మూడు కుటుంబాలకు తలా ఒకటిగా సర్దారు. తలుపులు లేవు. పెద్దగుమాస్తా సూచన మేరకు అవి ఆసుపత్రికి వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రం అతను తమ పాత ఇల్లంతా తిరిగాడు. భార్య లేని ఖాళీ ఎక్కడో ఒకచోట కనిపిస్తుందనీ, అక్కడ కాసేపు కూర్చుని బాధపడదామనీ అనుకున్నాడు. పొయ్యిగట్టు పక్కన ఆమె పడుకునే చోట బొగ్గుల బస్తా ఉంది. ఆమె గరిటెతో తమ్ముడు వీపు గోక్కుంటున్నాడు. ఖాళీ ఎక్కడా లేదు. రేపు తాను పోయినా ఇంతేనని అతనికి తోచింది. అంతదాకా దేశంలో ఎవరికి ఏది లేకపోయినా భయపడని మనిషికి అప్పుడు నిజంగా భయం వేసింది.

దర్జీ దుకాణం మీద మేడగది ఒకటి ఉంది. ఆమె అక్కడే ఉందని దుకాణంలో చెప్పారు. అతను మెట్లెక్కి, తలుపు ముందు నిలబడి, అలవాటు కొద్దీ దగ్గాడు.

‘‘దగ్గక్కర్లేదండీ. తలుపుంది, కొట్టండి,’’ అంది ఆమె లోపలినుంచి.

కొట్టాడు. ఆమె జానెడు తెరిచింది. లోపల ఒక చాప, ఒక పెట్టె, పెట్టె మీద కళ్లజోడు. ఇంకేమీ లేవు.

‘‘ఏం చేస్తున్నావు?’’

‘‘కూర్చున్నాను.’’

‘‘ఇల్లొచ్చింది,’’ అన్నాడు అతను.

‘‘గడియ ఉందా?’’

అతను నోరు తెరిచాడు. ‘కొంచెం’ అన్న మాట వచ్చింది. దాని తర్వాత ఎప్పుడూ వచ్చే మాట రాలేదు. ఆమె ఆ రెండో మాట కోసం కాసేపు ఓపిగ్గా చూసింది.

‘‘ఆ కొత్త ఇల్లు నాకొద్దు,’’ అంది. ‘‘మన స్నానాల గదికి మన తలుపు బిగించండి. బిగించాక కబురు పెట్టండి, వస్తాను.’’

‘‘వస్తాను అంటే?’’ అన్నాడు అతను అనుమానంగా.

‘‘ఈసారి వస్తాననే.’’

లోపల గడియ పడింది. చిన్న చప్పుడే. అతను మెట్టు మీద కూర్చుని చాలాసేపు చెవి ఒగ్గాడు. లోపల చెంబు చప్పుడు లేదు, దగ్గు లేదు, పాట లేదు. పదేళ్లలో ఆమె అంత నిశ్శబ్దంగా ఉండడం అతనెప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే మేనమామను లెమ్మన్నాడు. ‘‘నాలుగు రోజులకి వచ్చినవాణ్ణి, నన్నే లేపుతావురా?’’ అని ఆయన బాధపడి, ఇటుకల మీదే పడుకున్నాడు. వడ్రంగి వచ్చి తలుపు చూసి, బందులు లేకుండా తలుపు నిలబడదన్నాడు. పాత బందులు ఏవని అడిగితే, వాటితో మేనమామ తన పెట్టెకు మూత బిగించుకున్నాడని, ఆ పెట్టెను తన ఊరికి పంపేశాడని తేలింది. బజార్లో బందులు నిండుకున్నాయి. ప్రభుత్వ అనుమతి ఉంటే గిడ్డంగిలో దొరకవచ్చు. అనుమతి ఇచ్చేది సర్దుబాటు శాఖ.

పెద్దగుమాస్తా జీవితంలో మొదటిసారి తన కిటికీకి బయటి వైపున వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే, ‘‘ఒక జత బందులు కావాలయ్యా,’’ అన్నాడు.

లోపల సగంకుర్చీ చిరునవ్వు నవ్వాడు. తలుపు అనేది మనిషికీ మనిషికీ మధ్య అడ్డమని, తెరిచిన మనసులకు మూసిన తలుపులెందుకని, గోనెపట్టాలో గాలి ఆడుతుందని, గాలి ఆరోగ్యమని ఒక్క గుక్కలో చెప్పాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. అన్నీ పెద్దగుమాస్తా రాసిన మాటలే. అవి ఇంత బాగుంటాయని, విన్నవాడికి బదులు చెప్పే దారే ఉండదని అతనికి ఇప్పుడే తెలిసింది.

‘‘మీకు చెప్పగలవాణ్ణా గురువుగారూ,’’ అన్నాడు సగంకుర్చీ. ‘‘కొంచెం సర్దుకోండి.’’

పెద్దగుమాస్తా కిటికీలోంచి తన సొరుగు వంక చూశాడు. ‘‘సరే,’’ అన్నాడు. ‘‘సర్దుకుంటాను.’’

లోపలికి వెళ్లి సొరుగు తెరిచాడు. తువ్వాలు, కలం, మందు సీసా, మడత కత్తి తీసి సంచిలో వేసుకున్నాడు.

‘‘ఏం చేస్తున్నారు గురువుగారూ?’’

‘‘సర్దుకుంటున్నానయ్యా.’’

సగంకుర్చీ ముఖం వెలిగిపోయింది. కుర్చీలో మధ్యకు జరిగి, ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి నిండుగా కూర్చున్నాడు. అందుకే వీధి వాకిలి దగ్గర కిర్రుమన్న చప్పుడుకు తల తిప్పలేదు. ఆ శాఖ తలుపొక్కటే ఆసుపత్రికి పోకుండా మిగిలింది, అధికారుల తలుపు కాబట్టి. పెద్దగుమాస్తా మడత కత్తితో దాని మరలు విప్పి, తలుపును మర్యాదగా గోడకు చేరవేసి, బందులు సంచిలో పడేసుకుని సర్దుకుపోయాడు.

మధ్యాహ్నం తలుపు కింద పడితే గాని ఎవరికీ తెలియలేదు. విచారణ సంఘం వేశారు. తలుపు లేకపోవడం వల్ల శాఖ ప్రజలకు మరింత చేరువైందని సంఘం తేల్చింది. మంత్రిగారు ఆ తలుపును తన చేతుల మీదుగా ఆసుపత్రికి బహూకరించారు. ఫొటోలో తలుపు బాగా పడింది.

మరి ఉద్యోగం ఏమైందని మీరడగవచ్చు. శాఖలో జీతాలు ఎప్పుడో నిండుకున్నాయి. జీతం రాని ఉద్యోగానికీ, ఉద్యోగం లేక జీతం రాకపోవడానికీ తేడా ఆ ఇంట్లో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కబురు అందిన రోజే అతని భార్య పెట్టె పట్టుకుని వచ్చింది. బొగ్గుల బస్తా జరిపించింది. గరిటె కడిగింది. రోజూ సాయంత్రం స్నానాల గదిలోకి వెళ్లి, గడియ వేసుకుని, బకెట్ బోర్లించి దాని మీద కాసేపు కూర్చుంటుంది. బయట తల్లి దగ్గుతుంది, మేనమామ ఖాండ్రిస్తాడు, తమ్ముడు ఈల వేస్తాడు. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డ పెద్దగుమాస్తా, ‘‘కొంచెం సర్దుకోండి,’’ అంటాడు వాళ్లతో. అతని నోట ఆ మాట న్యాయంగా వినిపించింది అప్పుడే.

శాఖ మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. దేశ ప్రజలంతా సర్దుకుంటున్నారని మొన్న మంత్రిగారు మళ్లీ ప్రకటించారు. ఏ అర్థంలో అన్నారో ఎవరూ అడగలేదు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు సర్దుకుంటూనే ఉంటారు. అడిగితే అవుననే అంటారు, కాబట్టి అడగడం దండగ. ఒకసారి వంగి మంచం కింద చూడండి, పెట్టె ఉందో లేదో.